కుక్క, పిల్లి, ముంగిస బారిన పడి బతికిన పుంజును కాపాడుకోవడం

రాయలసీమ పల్లెల్లో పెరటి కోళ్లకు పగటిపూట వీధికుక్కలు, ముంగిసలు, గద్దలు, చీకటి పడ్డాక బావురుపిల్లులు, పునుగుపిల్లులు, ఊరి చివరి ఇళ్లలోనైతే నక్కలు కూడా శత్రువులే. వీటిలో ఏది వచ్చినా పెట్టలూ పిల్లలూ చెదిరిపోయే లోపల ఎదురు తిరిగి నిలబడేది పుంజే కనుక, తీవ్రమైన గాయాలు చాలాసార్లు దానికే తగులుతాయి. రక్తమోడుతున్న పుంజును చూడగానే "ఇక బతకదులే, కోసేద్దాం" అనే మాట అనేక ఇళ్లలో వినిపిస్తుంది. అంత తొందరపడవలసిన అవసరం లేదని నా గట్టి నమ్మకం. కోడి శరీరానికి మానే శక్తి ఎక్కువ. వీపు మీద చర్మం పెద్ద ముక్కగా లేచిపోయిన పుంజులు కూడా శ్రద్ధగా చూసుకుంటే కోలుకొని మళ్లీ కూత పెడతాయి. వాటి ప్రాణం తీసేది చాలాసార్లు కంటికి కనిపించే ఆ పెద్ద గాయం కాదు. దాడి జరిగిన వెంటనే కమ్ముకొనే భయం, నీరసం, దాహం మొదటి రోజు తీస్తాయి. ఈకల కింద ఎవరూ వెతకని చిన్న పంటిగాట్లు రెండో రోజో మూడో రోజో తీస్తాయి. గాయం మీద వాలిన ఈగలు ఆ తరువాత తీస్తాయి. అందువల్ల చికిత్స కూడా ఈ వరుసలోనే సాగాలి.

మొదటి గంట

దెబ్బతిన్న పుంజు కంపచెట్ల కిందో, కట్టెల మోపు వెనకో దూరి కదలకుండా ఉంటుంది. దానిని తరిమి పట్టుకోకూడదు. మిగిలిన కొద్దిపాటి సత్తువ ఆ పరుగులోనే అయిపోతుంది. తువ్వాలో పాత పంచెనో మెల్లగా పైన కప్పి, రెక్కలు ఒంటికి ఆనేలా రెండు చేతులతో ఎత్తుకోవాలి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది: కోళ్లకు మనకున్నట్లు ఊపిరిని నడిపే విభాజక పటలం లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. జారిపోతుందేమోనని ఎదను గట్టిగా అదిమి పట్టుకుంటే పక్షి మన చేతుల్లోనే ఊపిరాడక చనిపోగలదు. ఒక అరచేతిని కింద ఆసరాగా ఉంచి, రెండో చేతితో రెక్కలను మాత్రమే ఆపాలి.

కుక్క నోటి నుంచి విడిపించే క్రమంలో మనిషికి పంటిగాటు పడినా, గోరు గీరుకున్నా, పుంజు సంగతి ఇంట్లో మరొకరికి అప్పగించి ముందు ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. ఇది వాయిదా వేసే పని కాదు.

రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డను మడిచి పెట్టి, మధ్యమధ్యలో ఎత్తి చూడకుండా, ఐదు నుంచి పది నిమిషాలు ఒకే ఒత్తిడితో అదిమి ఉంచాలి. తల మీది ఎర్రని కండజుట్టు తెగితే రక్తం భయపెట్టేంతగా కారుతుంది గాని, అదిమితే చాలావరకు ఆగిపోతుంది. అయితే రెండు కిలోల పుంజు ఒంట్లో ఉండే రక్తం మొత్తం కలిపి దాదాపు 150 మిల్లీలీటర్లే కాబట్టి, మనిషికి చిన్నదిగా తోచే రక్తస్రావం దానికి చిన్నది కాదు. గోరు ఊడినా, కాలి వెనక ఉండే ముల్లు విరిగినా పసుపో మొక్కజొన్న పిండో అద్ది ఆపవచ్చు. లోతైన గాయాల్లో మాత్రం పసుపు గాని, కాఫీ పొడి గాని, సున్నం గాని కూరకూడదు. పసుపు మీద నాకేమీ చిన్నచూపు లేదు. కాని అది లోపల అట్టకట్టి, కింద చీము పడుతున్నా తెలియకుండా కప్పేస్తుంది, పశువైద్యుడు చూడవలసినదాన్ని మూసేస్తుంది.

రక్తం ఆగిన తరువాత, గాయాలన్నీ అప్పుడే కడిగేయాలనే ఆత్రాన్ని అదుపులో పెట్టుకోవాలి. పుంజు కళ్లు మూసుకుపోతూ, ఒళ్లు ముడుచుకొని, వణుకుతూ ఉందంటే దానికి మందు కంటే ముందు చీకటి, నిశ్శబ్దం, తగినంత వెచ్చదనం కావాలి. గాలి ఆడే రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పాత గోనెసంచి పరిచి, పైన పలచని గుడ్డ కప్పి, పిల్లలూ కుక్కలూ రాని గదిలో గంటో రెండు గంటలో వదిలేయాలి. శీతాకాలం రాత్రుల్లో వేడినీళ్లు పోసిన సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కగా పెడితే, పుంజు కావాలనుకుంటే దాని దగ్గరకు జరుగుతుంది, వద్దనుకుంటే ఎడంగా ఉంటుంది. మన ఎండాకాలంలో ఇది పూర్తిగా తలకిందులవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలోనో కర్నూలులోనో రేకుల షెడ్డు కింద పెట్టెలో పెట్టిన కోడి గాయంతో కాదు, వడదెబ్బతో పోతుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఎడంగా పెట్టిందంటే వేడి ఎక్కువైనట్లే. అప్పుడు బండలు పరిచిన చల్లని గదికి మార్చాలి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా గదిలో తిరగనివ్వాలి.

ఈకల కింద వెతకడం

పుంజు కాస్త తేరుకున్నాక, మంచి వెలుతురులో, ఒకరు పట్టుకోగా మరొకరు ఒళ్లంతా వెతకాలి. నా దృష్టిలో చికిత్స మొత్తంలో అతి ముఖ్యమైన పని ఇదే, జనం తరచుగా వదిలేసే పని కూడా ఇదే. మా వీధిలో ఎర్ర ఈకల డేగ పుంజునొకదాన్ని కుక్క పట్టి వదిలింది. ఒంటిమీద రక్తం చుక్క లేదు, నాలుగు తోక ఈకలు తప్ప ఏమీ పోలేదు, నడిచి వెళ్లి గంప పక్కన నిలబడింది. మరునాడు తెల్లవారుజామున కూత పెట్టలేదని ఇంటివాళ్లకు అనుమానం వచ్చింది. రెక్క ఎత్తి, చంక కింది ఈకలను ఉప్పునీళ్లతో తడిపి విడదీసి చూస్తే, కందిగింజంత రంధ్రాలు రెండు, వాటి చుట్టూ ఉబ్బిన వెచ్చని చర్మం కనిపించాయి. కుక్క పళ్లు పైన చిన్న రంధ్రమే చేస్తాయి, లోపల మాత్రం కండను నలిపేస్తాయి. పిల్లి పంటిగాటు ఇంకా సన్నగా ఉంటుంది గాని, దాని నోటిలో ఉండే పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి ఒకటి రెండు రోజుల్లోనే పక్షి రక్తాన్ని విషమయం చేయగలదు. పిల్లి కరిచిందని తెలిస్తే, గాయం ఎంత చిన్నదైనా అదే రోజు పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి.

తల నుంచి మొదలుపెట్టి కళ్లు, చెవుల దగ్గర, మెడ చుట్టూ, రెండు రెక్కల కింద, వీపు, తోక మొదలు, తొడల లోపలి వైపు, రెట్ట వేసే చోటు వరకు ఒక్క చోటు కూడా వదలకూడదు. పొడి ఈకల్లో రంధ్రాలు కనిపించవు, తడిపితేనే చర్మం బయటపడుతుంది. దాడి చేసిన జంతువేదో తెలిస్తే ఎక్కడ ఎక్కువగా వెతకాలో కూడా తెలుస్తుంది: ముంగిస సాధారణంగా తల, మెడ భాగాన్ని పడుతుంది, గద్ద గోళ్ల గాట్లు వీపు మీద ఎదురెదురుగా ఉంటాయి, కుక్క పట్టు ఎక్కువగా వీపు వెనక భాగంలోనూ తొడల మీదా ఉంటుంది. గాయం చుట్టూ ఉన్న ఈకలను పీకకూడదు, పీకితే పలచని చర్మం కూడా వాటితో పాటు చిరుగుతుంది. మొదలు దాకా కత్తెరతో కత్తిరిస్తే చాలు. కొత్తగా మొలుస్తున్న, లోపల రక్తం ఉండి నల్లగా కనిపించే ఈక గొట్టాలను మాత్రం ముట్టుకోకూడదు.

చూసేటప్పుడు రెండు విషయాలు మనల్ని తికమక పెడతాయి. మొదటిది, చర్మం కింద బుడగలాగా ఉబ్బడం. వేలితో మెల్లగా నొక్కితే లోపల సన్నగా చిటపటలాడినట్లు తగిలిందంటే అది నీరు కాదు, గాలి. పంటిగాటు లోపలి గాలి తిత్తుల దాకా వెళ్లిందని దాని అర్థం. చిన్నదైతే కొన్ని రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. ఊపిరి కష్టంగా ఉన్నా, ఉబ్బు పెరుగుతున్నా వైద్యుడే చూడాలి. ఇంట్లో సూదితో గుచ్చే ప్రయత్నం చేయవద్దు. రెండోది, దాడి జరిగిన రెండు మూడు రోజులకు గాయం చుట్టూ చర్మం ఆకుపచ్చగా మారడం. కుళ్లిపోయిందని భయపడి పుంజు మీద ఆశ వదులుకొనేవారున్నారు. కోళ్లలో కమిలిన చోట రక్తం విరిగినప్పుడు ఆకుపచ్చ రంగు రావడం సహజం. నిజంగా కుళ్లితే దుర్వాసన వస్తుంది, చర్మం నల్లబడి తడిగా ఉంటుంది. ప్రతిరోజూ గాయాన్ని వాసన చూడడం మోటుగా అనిపించినా, అంతకంటే నమ్మదగిన పరీక్ష ఇంట్లో మరొకటి లేదు.

కడగడం, మందులు

కడగడానికి మందుల షాపులో దొరికే నార్మల్ సెలైన్ సీసా ఉత్తమం. అది లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర చెంచా, కలిపితే అదే తయారవుతుంది. సూది తీసేసిన పెద్ద సిరంజితో ధారగా కొట్టి, మట్టి, ఈకల ముక్కలు, గడ్డకట్టిన రక్తం అంతా బయటకు వచ్చేదాకా కడగాలి. మందుల కంటే ఈ కడగడమే గాయాన్ని ఎక్కువగా మానుస్తుంది. తరువాత పొవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని, పాలు లేని పలచని టీ రంగు వచ్చేంతగా నీళ్లు కలిపి, గాయం మీద పోయవచ్చు. చిక్కగా పోస్తే కొత్తగా మొలిచే కండ మాడిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, నీళ్లు కలపని డెట్టాల్, ఫినాయిల్, కిరోసిన్ ఇవేవీ వద్దు. నురగ వస్తుంటే శుభ్రమవుతోందని అనుకుంటాం గాని, అందులో మంచి కణాలు కూడా చనిపోతాయి. కంటికి తగిలిన దెబ్బ అయితే సెలైన్ తప్ప మరేదీ వాడకూడదు.

పంటిగాట్లను కుట్టకూడదు, జిగురుతో అంటించకూడదు. లోపలి మురికి బయటకు రావడానికి ఆ రంధ్రం తెరిచి ఉండాలి. చర్మం పెద్ద ముక్కగా లేచిపోతే, మెడ కింద గింజల తిత్తి చిరిగి తాగిన నీళ్లు బయటకు కారుతుంటే, ఎముక బయటపడితే ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు వెళ్లాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి తెలుసుకోవచ్చు. కడప జిల్లావారికి ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. కోడికోసం ఆసుపత్రికి వెళ్లడమేమిటని మొహమాటపడవద్దు. పేగులు బయటికి వచ్చినా, నడుము విరిగి రెండు కాళ్లూ చచ్చుబడినా, అది బాధపడుతూ రోజుల తరబడి ఉండకుండా నొప్పి లేకుండా ముగించమని వైద్యుడిని అడగడం కూడా దాని మీద ప్రేమే.

ఇంట్లో మిగిలిపోయిన మాత్రలను పొడిచేసి నీళ్లలో కలపడం మన దగ్గర మామూలైపోయింది. దెబ్బతిన్న కోడి ఎన్ని నీళ్లు తాగుతుందో మనకు తెలియదు, కాబట్టి ఎంత మందు లోపలికి వెళ్లిందో కూడా తెలియదు. యాంటీబయాటిక్ అవసరమైతే పక్షి బరువును బట్టి వైద్యుడే చెప్పాలి. ఆ మందు వాడినన్నాళ్లు, ఆపాక ఆయన చెప్పిన గడువు తీరేదాకా మాంసం తినకూడదు. నొప్పికి కోళ్లలో వైద్యులు సాధారణంగా మెలాక్సికామ్ వాడతారు. డైక్లోఫెనాక్ జోలికి అసలు పోవద్దు. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, అందుకే 2006లో పశువులకు దాని వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. పూత మందుల్లో కూడా తిమ్మిరి పుట్టించే మందు కలిపినవి కోళ్లకు ప్రమాదకరం. ఏ పూతైనా పలచగా, గాయం వరకే రాయాలి. నూనె ఈకలకు అంటితే అవి ఒంటి వేడిని నిలపలేవు.

నీళ్లు, మేత

మొదటి రోజు మేత కంటే నీళ్లే ముఖ్యం. లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్టును కలిపి, ఒకటి రెండు రోజులు ఆ నీళ్లు పెట్టి, తరువాత మామూలు నీళ్లకు మారాలి. కలిపిన నీళ్లను ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. ముక్కు తెరిచి గొంతులో పోయడం మాత్రం చేయకండి. కోడి నాలుక వెనకనే ఊపిరి గొట్టం నోరు తెరుచుకొని ఉంటుంది, పోసిన నీళ్లు నేరుగా అందులోకి పోతాయి. ముక్కు కొసను నీళ్లలో ముంచితే చాలాసార్లు అదే తాగుతుంది. తాగకపోతే ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క వేసి, మింగేదాకా ఆగి మళ్లీ వేయాలి.

ఈకలో తొంభై శాతం దాకా ఉండేది మాంసకృత్తే. ఊడిన ఈకలూ, చిరిగిన చర్మమూ రెండూ తిరిగి రావాలి కాబట్టి వట్టి జొన్నలు, నూకలు సరిపోవు. ఉడికించిన కోడిగుడ్డును మెదిపి పెడితే దాదాపు ప్రతి పుంజూ ముందుగా దాన్నే ముట్టుకుంటుంది. మెత్తగా ఉడికిన కొర్రన్నం, పలచని రాగి సంకటి, ఉడికిన కందిపప్పు, కొద్దిగా పెరుగు మంచివి. పేడ, గడ్డి నింపిన కుండను బోర్లించి చెదలు పట్టించి కోడిపిల్లలకు వేసే అలవాటు మన పల్లెల్లో ఉంది. కోలుకుంటున్న పుంజుకు కూడా ఆ చెదలు మంచి బలం. వేరుశనగ పండే జిల్లాల వారికి ఒక హెచ్చరిక చేయాలి: బూజు పట్టిన కాయలు, పాతబడిన వేరుశనగ చెక్క కోళ్లకు వేయకండి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు, బూజు పట్టిన వేరుశనగ పిండి కారణమని తేలిన తరువాతే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. అసలే నీరసించిన పక్షికి అది రెండో దాడి అవుతుంది.

తింటోందో లేదో గిన్నెను చూసి కాకుండా మెడ కింది గింజల తిత్తిని తడిమి తెలుసుకోవాలి. సాయంత్రం నిండుగా, తెల్లవారేసరికి ఖాళీగా ఉంటే అరుగుదల బాగున్నట్లు. రెట్ట పలచగా ఆకుపచ్చగా పడుతుంటే కడుపులో మేత లేదని అర్థం. రక్తం పడితే లోపల దెబ్బ తగిలిందని అనుమానించాలి. మెడ మెలితిరుగుతుంటే దెబ్బ వల్లేనని తీర్మానించుకోకండి. కొక్కెర తెగులులో కూడా అదే లక్షణం కనిపిస్తుంది, అదైతే మందంతటికీ అంటుకుంటుంది.

ఈగలు

వానలు మొదలయ్యాక గాయం కంటే ఈగలతోనే ఎక్కువ పోరాటం. పొద్దున వాలిన ఈగ గుడ్లు మరునాటికే పురుగులవుతాయి. అవి రంధ్రం లోపలికి తొలుచుకుపోయాక పైకి ఏమీ కనిపించదు. పుంజు ఊరికే నీరసిస్తుంది. పెట్టె మీద, గంప మీద దోమతెర ముక్క కప్పి అంచులు లోపలికి దోపాలి; గోనెసంచిని రోజూ మార్చాలి; రెట్ట అంటిన తోక ఈకలను కత్తిరించాలి. గాయం చుట్టూ బియ్యపు నూకల్లాంటి తెల్లని గుడ్లు కనిపిస్తే పట్టకారుతో ఏరి, సెలైన్ ధారతో కడగాలి. పశువుల పుండ్లలో పురుగులకు పోసే టర్పెంటైన్ నూనె కోడి పలచని చర్మానికి తగదు. పురుగులు లోతుగా ఉంటే వైద్యుడి సాయం తీసుకోవాలి.

గాయాన్ని మొదటి వారం రోజూ రెండు పూటలా చూడాలి, ఎర్రని కొత్త కండ వచ్చి పొక్కు గట్టిపడ్డాక కడగడం తగ్గించాలి, పొక్కును మాత్రం గిల్లకూడదు. రెక్క వేలాడుతుంటే దానిని సహజంగా ముడిచిన స్థితిలో ఒంటికి ఆనించి, మెత్తని బ్యాండేజీతో, ఎదను బిగించకుండా కట్టి ఉంచితే విరిగిన పక్షి ఎముక సుమారు మూడు వారాల్లో అతుక్కుంటుంది. కాలు విరిగితే ఇంట్లో కట్టకుండా వైద్యుడితో కట్టించడమే మేలు.

గూడు బాగుచేయడం, మందలోకి చేర్చడం

ఒకసారి కోడి రుచి దొరికిన చోటికి ఆ జంతువు మళ్లీ వస్తుంది, చాలాసార్లు మరుసటి రాత్రే. కాబట్టి పుంజు పెట్టెలో ఉన్న రోజుల్లోనే గూడును సరిచేయాలి. గంప బోర్లించి పైన రాయి పెట్టడం కుక్కకు అడ్డు కాదు. కోళ్ల కంచె వల పెద్ద కన్నాల్లోంచి ముంగిస దూరుతుంది; అర అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ కావాలి. అడుగున మట్టి తవ్వి లోపలికి రాకుండా కడప బండలు గాని బేతంచెర్ల బండలు గాని పరచడం మన ప్రాంతంలో అందుబాటులో ఉన్న మంచి ఉపాయం. విరిగిన ముక్కలు పాలిషింగ్ యూనిట్ల దగ్గర దొరుకుతాయి. విషం పెట్టడం, ఉచ్చులు వేయడం వద్దు. ముంగిస, బావురుపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు, పైగా ఆ విషం ఇంటి కోళ్లకూ పక్కింటి మేకలకూ తగులుతుంది.

పొక్కు రాలి, కింద చర్మం గులాబీ రంగులో మూసుకొనేదాకా పుంజును మందలో వదలకూడదు. ఎర్రగా కనిపించేదాన్ని పొడవడం కోళ్ల స్వభావం. నిన్నటిదాకా వెంట తిరిగిన పెట్టలే గాయాన్ని పొడిచి తెరిచేస్తాయి. అలాగని పూర్తిగా కనుమరుగు చేస్తే, తిరిగి వచ్చినప్పుడు కొత్త పక్షిగా భావించి తరుముతాయి. అందుచేత తేరుకున్న తరువాత పగటిపూట దాని గంపను మంద తిరిగే చోటే పెట్టాలి. చేర్చేటప్పుడు ముందుగా నెమ్మదైన పెట్టలు ఒకటి రెండింటిని దానితో వదిలి, పొడుచుకోవడం లేదని చూశాక, సాయంత్రం గూటికి చేరే వేళ మిగిలిన వాటితో కలపడం మంచిది. ఈ లోపల ఇంట్లో రెండో పుంజు పెత్తనం తీసుకొని ఉంటే, పాత పుంజు బలం పుంజుకొనేదాకా రెండింటినీ వేరుగానే ఉంచి, మేత, నీళ్లు రెండు చోట్ల పెట్టాలి. ఊడిన ఈకలు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ వస్తాయి. సగంలో విరిగిన తోక ఈకలు మాత్రం మొదళ్లు ఊడి కొత్తవి మొలిచే ఈకల మార్పు కాలం వరకు అలాగే ఉంటాయి కాబట్టి, తోక రాలేదని పుంజు కోలుకోలేదనుకొని మందులు కొనసాగించవలసిన పని లేదు.